దొరసానికి బిస్కెట్ బంద్

జూలై 1, 1996, సోమవారం

ఉదయం 5.30: లేచాను. నిజం రాయాలంటే నిద్రే పోలేదు. ఇవాళ మా జ్యోత్స్న గవర్నమెంటు ఉద్యోగంలో చేరుతోంది! నాలుగేళ్లు అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగింది నా బిడ్డ. మూడు పరీక్షలు పోయాయి. నాలుగోది కొట్టింది. జూనియర్ అసిస్టెంట్!

9.10: చిక్కడపల్లి బస్టాపు దాకా వెంట వెళ్లాను. కండక్టరుకు చెప్పాను. అరటిపండ్లామెకు చెప్పాను. ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దమనిషికి కూడా చెప్పాను. ఆయన నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఎంత మంచివాళ్లున్నారండీ ఈ ఊళ్లో!

సాయంత్రం 6.00: వచ్చింది. మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో కుక్కల లైసెన్సుల సీటు ఇచ్చారట. మా ఆవిడ భూదేవి మొహం చిన్నబోయింది.

"కుక్కల సీటా? గింత సదువు గిందుకేనా?"

"కుక్కలదైతేంది? సర్కారు కుర్చీ కాదా అది!" అన్నాను.

భూదేవికి కుక్కలంటే చచ్చేంత భయం. తొమ్మిదేళ్లప్పుడు ఒకటి కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచారు. ఇప్పటికీ దారిలో కుక్క కనబడితే పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటుంది.

జ్యోత్స్న రూల్స్ కాగితం తెచ్చి చదివి వినిపించింది. నేను చదివింది ఏడో తరగతి. నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను:

1. పెంపుడు కుక్కకు ఏటా లైసెన్సు తీసుకోవాలి.
2. పిచ్చికుక్క రోగం రాకుండా సూది వేయించి, దవాఖాన చీటీ చూపించాలి.
3. ఆఫీసువాళ్లిచ్చే ఇత్తడి బిళ్ళ మెడకు కట్టాలి.
4. బిళ్ళ లేని కుక్క మీద ఎవరైనా అర్జీ పెడితే బండి వచ్చి పట్టుకుపోతుంది.
5. దానికి రోజూ తిండి పెట్టే మనిషి ఉంటే ఆ మనిషే జవాబు చెప్పుకోవాలి.

ఐదోది రెండుసార్లు చదివింది. రెండోసారి కాగితం వైపు కాదు, నా వైపు చూస్తూ.

"బాపూ, నీ దొరసాని సంగతేంది మరి?"

దొరసాని అంటే మా గల్లీ మొదట్లో ఉండే గోధుమరంగు ఆడకుక్క. ఎవరు హారన్ కొట్టినా నిదానంగానే రోడ్డు దాటుతుంది కాబట్టి అశోక్ నగర్ హాస్టల్ పిల్లలు ఆ పేరు పెట్టారు. నేను నారాయణగూడ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు గంట కొట్టి రిటైరయ్యాను. అప్పటి నుంచి, అంటే మూడేళ్లుగా, పొద్దున ఆరింటికి చాయ్ బండి దగ్గర దానికి నాలుగు బిస్కెట్లు పెడుతున్నాను. ఆ వేళకు నా కోసం ఎదురుచూసే మనిషి అదొక్కతే.

కానీ బిడ్డ ముందా, బిస్కెట్ ముందా?

తీర్మానం (ఎర్ర ఇంకుతో): రేపటి నుంచి నెల రోజులు దొరసానికి బిస్కెట్ బంద్. నా బిడ్డ కుర్చీకి నా వల్ల మచ్చ రాకూడదు. ఇట్లు, ఎల్లేశం, రిటైర్డ్ అటెండర్.

జూలై 2, మంగళవారం

6.00: చాయ్ మానేశాను. వెనక గల్లీ నుంచి పాల బూత్‌కు వెళ్లాను. దారిలో ఎవరూ లేరు. ఎంత తేలికో!

6.15: పాల బూత్ దగ్గర దొరసాని కూర్చుని ఉంది.

6.16: పెట్టలేదు! చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

6.30: ఇంటి గేటు దాకా వచ్చింది. రావడం దాని ఇష్టం. రూల్స్‌లో నడవకూడదని లేదు.

ఒక రోజు గెలిచాను. ఇంకా ఇరవై తొమ్మిది.

జూలై 3, బుధవారం

చాయ్ లేక తల పట్టేసింది. తీర్మానం బిస్కెట్ మీద కదా, చాయ్ మీద కాదు కదా. వెళ్లాను. దొరసాని వచ్చి నా చెప్పు మీద మూతి ఆనించింది.

"జర సమజ్ చేసుకో దొరసానీ. మా బిడ్డ ఇప్పుడు ఆఫీసరు లెక్క" అని చెప్పాను.

పక్క బెంచీ మీద భానుప్రకాశ్ నవ్వాడు. అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ ఆరేళ్లుగా గ్రూప్ పరీక్షలు రాస్తున్న కరీంనగర్ వైపు మనిషి. జుట్టు పల్చబడింది గానీ ధైర్యం తగ్గలేదు.

"కాకా, ఆఫీసర్ల నాయినలు బిస్కెట్లు పెట్టద్దని జీవో ఏమన్న వచ్చిందా? నంబర్ చెప్పు, కరెంట్ అఫైర్స్‌ల రాసుకుంట."

నవ్వనీ. పెట్టలేదు! రెండు రోజులు!

జూలై 5, శుక్రవారం

నిన్న రాయలేదు. నిన్న కూడా పెట్టలేదు అని గుర్తు పెట్టుకోవాలి.

ఇవాళ్టి సంగతి: నాకు ఆకలేసింది. బిస్కెట్ నేను కొన్నది నా కోసమే. చాయ్‌లో ముంచితే విరిగి కింద పడింది. పడడం వేరు, పెట్టడం వేరు. నాలుగు పడ్డాయి. నా చేతులు ఈ మధ్య వణుకుతున్నాయి.

తీర్మానం నిలబడే ఉంది.

జూలై 7, ఆదివారం

10.00: పేడాల డబ్బాతో గల్లీ అంతా తిరిగాను! ఉద్యోగం వచ్చి వారమైంది, తీపి పంచకపోతే ఎట్లా?

అందరూ మెచ్చుకున్నారు. ఎదురింటి వీరరాఘవరావు గారు కూడా. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ హెడ్ క్లర్కు. కాగితం రాశారంటే కామా కూడా తప్పిపోదు. పేడా నోట్లో వేసుకుని అన్నారు:

"మీ అమ్మాయి కుక్కల సెక్షన్లో చేరిందటగా ఎల్లేశం గారూ! భేషుగ్గా ఉందండీ. ఇక ఆ దొరసాని పీడ వదిలినట్టే."

పంచె కాస్త పైకెత్తి మోకాలు చూపించారు. నిరుడు దొరసాని ఆయన స్కూటర్ వెంట పరుగెత్తితే పడ్డారు. మచ్చ ఇంకా ఉంది. ఆ మాట అబద్ధం కాదు.

"మళ్లీ మొన్న కూడా వెంటపడిందండీ. ఈ వారమే అర్జీ ఇచ్చేస్తాను. దొరసానికి బిళ్ళ లేదుగా, బండి వచ్చి తీసుకుపోతుంది. మనకు శాంతి."

ఇంకో పేడా తీసుకున్నారు. నేను వద్దనలేకపోయాను.

ఆ బండెక్కిన కుక్క తిరిగి రావడం ఈ గల్లీలో ఎవరూ చూడలేదు.

జూలై 9, మంగళవారం

కొత్త పద్ధతి! బిస్కెట్ పాకెట్ కొని భానుప్రకాశ్‌కు ఇచ్చాను. చదువుకునేవాడికి ఇచ్చాను, అంతే. తర్వాత వాడు ఏం చేసుకుంటాడో నాకు సంబంధం లేదు.

8.00: ఆరా తీశాను. సగం పాకెట్ వాడే తిన్నాడు.

"ఆకలైంది కాకా. మెస్సుల ఉప్మా పెట్టిండ్రు. నీకెరుకే గద, గది ఉప్మా కాదు, గోడకు పూసే సున్నం."

రేపటి నుంచి రెండు పాకెట్లు.

జూలై 10, బుధవారం

పొద్దుటి నుంచి వాన. 11.00కు నీళ్ల బకెట్ కోసం ఇంటి వెనక్కి వెళ్తే ఏం చూశాను!

భూదేవి ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో బారెడు పొడుగు గరిటెతో ప్రహరీ గోడ మీది నుంచి అన్నం అవతల పడేస్తోంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఏందిది భూదేవీ?"

"నువ్వు బంద్ వెట్టినవ్. అది వచ్చి ఈడ కూసుంటున్నది. కడుపు నిండితే నా దిక్కు సూడదని ఏస్తున్న."

"ఎన్ని రోజుల సంది?"

"నువ్వు ఎర్ర సిరాతోని రాసిన తెల్లారి సంది."

అంటే నేను ఉపవాసం పెట్టిన కుక్క మా ఇంట్లోనే భోంచేస్తోంది! అందుకే గేటు దాకా వచ్చేది! నాకు ఎంత నవ్వొచ్చిందంటే బకెట్ కింద పెట్టి నవ్వాను.

"నవ్వకు. బిడ్డకు చెప్పకు" అంది భూదేవి.

చెప్పలేదు.

జూలై 12, శుక్రవారం

6.10: జ్యోత్స్న వచ్చింది. చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"బాపూ, ఎదురింటి రావు గారి అర్జీ నా టేబుల్ మీదికి వచ్చింది."

"ఏం రాసిండు?"

"కుక్క వెంటపడుతున్నదని రాసిండు. దానికి ఎల్లేశం అనే ఆయన మూడేండ్ల సంది తిండి పెడ్తున్నడని నీ పేరు, ఇంటి నంబరు అన్నీ రాసిండు."

"నువ్వేం చేసినవ్ బిడ్డా?"

"ఏం చేస్త? ఇన్‌వర్డ్ రిజిస్టర్ల ఎక్కిచ్చిన. నంబరేసిన. సార్‌కు పెట్టిన."

"నా పేరు... నీ చేత్తోనే రాసినవా?"

"రాసిన. చింపేస్తననుకున్నవా?"

నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. దుఃఖం కాదు. సంతోషం! పదకొండు రోజులైంది కుర్చీలో కూర్చుని. తండ్రి మీద వచ్చిన కాగితాన్ని దాచకుండా, మడవకుండా, నంబరేసి పైకి పంపింది! ఇటువంటి బిడ్డను కన్నందుకు నేను గంట కొట్టి గల్లీ అంతా లేపాలి!

భూదేవి తల కొట్టుకుంది. "నీ మీద అర్జీ వస్తే సంబురపడ్తున్నవేందయ్యా! పెండ్లి పత్రిక వచ్చినట్టు!"

జ్యోత్స్న కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "మంగళవారం బండొస్తది బాపూ. బిళ్ళ ఉంటే ముట్టరు. లేకపోతే ఎత్తుకపోతరు. ఆఫీసుల నేను ఒక్క మాట గూడ చెప్పను. చెప్పొద్దు గూడ."

నేను కూడా నిన్ను అడగను బిడ్డా అన్నాను.

అయితే బిళ్ళ కావాలి. రేపు రెండో శనివారం, ఆఫీసు సెలవు. ఎల్లుండి ఆదివారం. మిగిలింది సోమవారం ఒక్కటే!

జూలై 13, శనివారం

8.00: భానుప్రకాశ్ దగ్గరికి పరుగెత్తాను. విషయం చెప్పగానే హాస్టల్లో నలుగురు పుస్తకాలు మూసి లేచారు.

"ఫారమా? ఫారం నింపుడు మా పని కాకా. పరీక్షల ఫెయిలైనం గానీ ఫారంల ఇప్పటిదాక ఫెయిల్ కాలే!"

అశోక్ నగర్ జిరాక్స్ షాపులో లేని సర్కారు ఫారం లేదు. కుక్క లైసెన్సు ఫారం కూడా దొరికింది. ఒక్క పేజీ. అంత చిన్న ఫారాన్ని నమ్మకూడదని నలుగురూ అన్నారు. జత చేయాల్సినవి రాసిచ్చారు:

అ) పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు మూడు
ఆ) గెజిటెడ్ ఆఫీసరు సంతకం
ఇ) నడవడి సర్టిఫికెట్
ఈ) నివాస ధ్రువీకరణ

"ఇయ్యన్నీ కుక్కకా?" అన్నాను.

"ఒక్క కాగితం తక్కువైందని నాది రెండుసార్లు వాపస్ వచ్చింది కాకా. ఎక్కువైందని ఒక్కసారి గూడ రాలే" అన్నాడు భానుప్రకాశ్. ఆరేళ్ల అనుభవం. నేను నమ్మాను.

11.00: నారాయణగూడలో ఫోటో స్టూడియో. దొరసాని స్టూలు మీద కూర్చోదు. ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డలోంచి తల బయట పెట్టి, "రెండు చెవులు కనవడాలె, మూతి మూసుకోమను" అన్నాడు. బిస్కెట్ చూపిస్తే కూర్చుంది. ఆ బిస్కెట్ పెట్టినట్టు కాదు. ఫోటో ఖర్చులోకి వస్తుంది.

ఫోటో మాత్రం ఎంత బాగా వచ్చిందో! ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను.

4.00: మా పాత ప్రిన్సిపాల్ గారి ఇంటికి వెళ్లాను. కళ్లద్దాలు పెట్టుకుని ఫోటో చూశారు, నన్ను చూశారు, గేటు బయట నిలబడ్డ దొరసానిని చూశారు.

"ఎల్లేశం, నా సర్వీసులో ఇట్లాంటి దాని మీద సంతకం పెట్టలేదయ్యా."

"మొదటిసారి పెట్టుండ్రి సార్."

పెట్టారు! 'సదరు దొరసాని నాకు తెలిసినంతలో సత్ప్రవర్తన గలది' అని కూడా రాశారు. స్కూటర్ సంగతి ఆయనకు చెప్పలేదు.

జూలై 14, ఆదివారం

ఫారంలో అన్నీ నిండాయి. పైన రెండు గడులు తప్ప. 'యజమాని పేరు'. 'యజమాని వృత్తి'.

భానుప్రకాశ్ పెన్ను పట్టుకుని అడిగాడు. "ఎవరి పేరు రాయాలె కాకా?"

"నీది రాయి."

"నాకు పర్మనెంట్ అడ్రస్ ఏడిది? హాస్టల్ ఓనర్‌కు తెలిస్తే నన్ను, దీన్ని కలిపి బయట వెడ్తడు."

నా పేరు రాస్తే రావు గారు రాసినదంతా నిజమని నేనే ఒప్పుకున్నట్టు. ఆఫీసులో అందరూ, "కొత్తమ్మాయి తండ్రేనటగా" అంటారు. చేరి రెండు వారాలు కాలేదు నా బిడ్డ.

పైగా భూదేవి ఇంట్లోంచి కేక వేసింది. "నీ పేరు రాస్తే అది ఇంటి కుక్క అయితది! ఇంట్ల నేనుండాల్నా, అదుండాల్నా?"

ఖాళీగా వదిలాను. అన్ని సంతకాల మధ్య రెండు గడులు ఎవరు చూస్తారులే!

5.00: తాడుతో నడిపించడం అభ్యాసం. గల్లీ ఆ చివరి దాకా నేను నడిపించాను. ఈ చివరి దాకా అది నడిపించింది. మోచేయి గీరుకుపోయింది.

జూలై 15, సోమవారం

8.30: నారాయణగూడ పశువుల దవాఖాన. సూది! దొరసాని కుయ్యిమనలేదు. నేను కళ్లు మూసుకున్నాను. డాక్టరమ్మ చీటీ రాస్తూ, "బిస్కెట్లు పెట్టకండి పెద్దాయనా, దాని పండ్లు చూడండి, పాడైపోతున్నయ్. రొట్టె పెట్టండి" అంది. ఎక్కడికి పోయినా ఈ బిస్కెట్ నన్ను వదలదు.

11.20: సర్కిల్ ఆఫీసు. దొరసానిని బయట భానుప్రకాశ్‌కు అప్పజెప్పి వరుసలో నిలబడ్డాను. నా ముందు ఏడుగురు. ఆ చివర నా బిడ్డ. ఫ్యాను కింద, ఫైళ్ల మధ్య, సర్కారు కుర్చీలో! ఇరవై నిమిషాలు కళ్లారా చూశాను. వరుస కదులుతుంటే నాకే బాధేసింది.

"నెక్స్ట్."

"నమస్తే మేడం."

తల ఎత్తింది. ఒక్క క్షణం. మళ్లీ దించి కాగితాలు తిరగేసింది.

"ఈ ఫోటోలు ఎందుకు?"

"మూడున్నయి మేడం."

"నడవడి సర్టిఫికెట్ ఎవరు తెమ్మన్నరు?"

"ఎందుకన్న మంచిదని..."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. జ్యోత్స్న నవ్వలేదు. ఫోటోలు, సంతకాలు, సర్టిఫికెట్లు అన్నీ ఒక పక్కకు జరిపింది. దవాఖాన చీటీ, ఒక్క పేజీ ఫారం మిగిలాయి.

"ఇవి రెండే కావాలె. ఫారంల మేం చూసేది పై రెండు గడులే. అవే ఖాళీ ఉన్నయి." పెన్ను నా వైపు జరిపింది. "యజమాని పేరు లేకపోతే వాపస్ ఇచ్చేస్త. రేపు బండొస్తది."

పెన్ను చూశాను. బిడ్డను చూశాను. తండ్రి అని దయ చూపలేదు, పరాయివాడని కసరలేదు. తన పేరు పోతుందని భయపడి నన్ను పక్కకు పిలవనూ లేదు. రిజిస్టర్లో నా పేరు తన చేత్తో రాసుకున్న పిల్ల ఇది. దీని ఎదుట నేను పేరు దాచుకోవడమా!

రాశాను. యజమాని: ఎల్లేశం.

కింద వృత్తి దగ్గర పెన్ను తనంతట తనే కదిలింది. రిటైర్డ్ అటెండర్ అని రాయబోయాను. రాసింది మాత్రం: జూనియర్ అసిస్టెంట్ జ్యోత్స్న తండ్రి.

చదివింది.

"ఇది వృత్తి కాదు."

"ఇప్పుడు నాకు ఇదే పని మేడం."

స్టాంపు తీసింది. ఒక్కసారి కొడితే చాలు. మూడుసార్లు కొట్టింది.

బిళ్ళ నంబరు 214! బయటికి వచ్చి దొరసాని మెడకు కట్టాను. భానుప్రకాశ్ గట్టిగా నిట్టూర్చాడు. "నాకంటే ముందు దీనికి సర్కారు నంబరొచ్చింది కాకా!"

1.30: భూదేవికి చెప్పాను. "వరండా మీదనే ఉండాలె. గడప దాటితే మా అన్న ఇంటికి వోత" అంది.

జూలై 16, మంగళవారం

10.40: బండి వచ్చింది. ఇనుప జాలీ. లోపల ఒక తెల్లది ఇటే చూస్తోంది. నేను అటు చూడలేకపోయాను.

రావు గారు గేటు దగ్గర నిలబడి మా వరండా చూపించారు. "అదిగోనండీ, అదే."

ఉచ్చు పట్టుకున్న మనిషి వచ్చాడు. నేను తాడు గట్టిగా పట్టుకున్నాను. ఆయన వంగి బిళ్ళ చూశాడు, కాగితంలో నంబరు వెతికాడు, వేలు పెట్టాడు.

"రెండు వందల పద్నాలుగు. ఓనర్ ఎవరు?"

"నేనే!" ఎంత గట్టిగా అన్నానంటే పక్క గల్లీ నుంచి ఎవరో తొంగి చూశారు.

బండి ముందుకు పోయింది! పోయింది!

రావు గారు తాపీగా వచ్చారు. "అయితే ఇక స్కూటర్ వెంట పడితే నేనెవర్ని అడగాలండీ?"

"నన్నే అడుగుండ్రి రావు సాబ్. మీరు స్కూటర్ తీసే ముందు మా ఇంటి బెల్లు కొట్టుండ్రి. తాడు పట్టుకుంట. బెల్లుకు లేచుడు నాకు అలవాటే."

ఆలోచించారు. "రోజూ తొమ్మిదింబావుకు తీస్తాను. ఆదివారాలు పదింటికి" అన్నారు. చిన్న కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. కామాలతో సహా.

సాయంత్రం 5.00: తీర్మానం (మళ్లీ ఎర్ర ఇంకుతో): డాక్టరమ్మ మాట ప్రకారం, లైసెన్సు గల యజమానిగా, దొరసానికి బిస్కెట్ పూర్తిగా బంద్. రొట్టె మాత్రమే. ముప్పై రోజులు. ఇట్లు, యజమాని ఎల్లేశం.

6.10: జ్యోత్స్న వచ్చింది. చెప్పులు విప్పింది. వరండా మెట్ల మీద కూర్చుని సంచిలోంచి బిస్కెట్ పాకెట్ తీసింది. దొరసాని వచ్చి పక్కన కూర్చుంది.

"బిడ్డా! తీర్మానం ఉన్నది! డాక్టరమ్మ వద్దన్నది! నువ్వు గవర్నమెంటు!"

"ఆఫీసు టైం అయిపోయింది బాపూ" అంది. ఒకటి విరిచి దానికి పెట్టింది. ఇంకోటి నా చేతిలో పెట్టింది. గడప లోపలి నుంచి భూదేవి, పొట్ట మీద చెయ్యి తీయకుండానే, "నాలుగు చాలు, ఇగ చాలు" అని లెక్క చెబుతోంది.

తీర్మానం రేపటి నుంచి.